పార్కింగ్‌లో కారిన ఆయిల్ చెరువుకి పోకుండా నీళ్లు ఇంకే పేవర్లు ఆపుతాయా?

సర్జాపూర్_సిరి
మాది బెంగళూరు సర్జాపూర్ రోడ్డు లోపలికి, 96 ఫ్లాట్లు. బేస్‌మెంట్ చాలక వెనక ఖాళీ జాగాలో ఒక 60 కార్లు ఎండలోనే పెడతారు. అక్కడ ఎప్పుడో వేసిన సిమెంటు నేల, ఇప్పుడంతా పగుళ్లు, ఏ గడి చూసినా మధ్యలో నల్లటి మరక. మొన్న ఏప్రిల్‌లో మొదటి పెద్ద వాన పడ్డప్పుడు గొడుగేసుకుని కిందికి దిగా. నీళ్ల మీద రంగురంగుల పొర తేలుతూ గేటు పక్క డ్రైన్‌లోకి పోతోంది. సెక్యూరిటీ ఆయన్ని అడిగితే ప్రతి ఏడాదీ మొదటి వానకి ఇంతే మేడమ్ అన్నాడు. ఆ డ్రైన్ రాజకాలువలోకి (ఊరి పెద్ద వాననీటి కాలువ), అది చెరువులోకి. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

ఇప్పుడు ఆ నేల మళ్లీ వేయాలని అసోసియేషన్‌లో చర్చ నడుస్తోంది. కొంతమంది మళ్లీ కాంక్రీటే వేసి, ఆ డ్రైన్‌ని పక్కనున్న ఇంకుడు బావికి కలిపేద్దాం, నీళ్లూ దక్కుతాయి అంటున్నారు. ఒక కాంట్రాక్టరేమో నీళ్లు ఇంకే పేవర్లు (సందులుంచి పరిచే సిమెంటు దిమ్మెలు) వేస్తే ఆయిల్ అందులోనే ఆగిపోతుంది అంటున్నాడు. నిజంగా ఆగుతుందా? వేయించినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, మీటింగ్‌కి ఇంకా మూడు వారాలు టైముంది.

బెళ్లందూరు_బాబ్జీ
ముందు ఆ ఇంకుడు బావికి కలపడం ఆపించండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

హెచ్ఎస్ఆర్_కిషోర్
నాకు ఈ పేవర్ల సంగతి మీద నమ్మకం లేదండి. నీళ్లు ఇంకితే ఆయిల్ కూడా ఇంకుతుంది కదా. డ్రైన్‌లో కళ్లకి కనబడే మురికిని కనబడకుండా మట్టిలోకి తోయడం తప్ప ఇందులో ఏముంది? రేపు అదే బోరులో వస్తుంది.

కేఆర్‌పురం_కడప
కిషోరన్న అనుమానమే నాదీ. మా బోరు పార్కింగ్ నట్టనడుమ ఉండాది.

కంకరమామ
రోడ్ల పనిలో ముప్పై ఏళ్లు చేసి రిటైరైనవాణ్ణి, కాస్త పొడుగ్గా రాస్తా, ఓపిగ్గా చదవండి.

కిషోర్ అడిగింది అడగాల్సిన ప్రశ్నే. కానీ నీళ్లూ ఆయిలూ ఒకేలా దిగవు. ఇంజన్ ఆయిల్ జిడ్డు కదా, దారిలో ఏ రాయి తగిలితే ఆ రాయికి అంటుకుంటుంది, నీళ్లు దాన్ని వదిలి కిందికి జారతాయి. సరిగ్గా వేసిన నేలలో పైన 80 ఎంఎం పేవర్, సందుల్లో ఇసుక కాకుండా సన్న రాతి చిప్స్, దాని కింద రెండు అంగుళాల చిప్స్ పరుపు, తర్వాత 20 ఎంఎం కంకర (ఇక్కడ మేస్త్రీలు జల్లి అంటారు), అడుగున 40, 60 ఎంఎం రాళ్లు. మధ్యలో జియోటెక్స్‌టైల్ గుడ్డ, నేసింది కాదు, కంబళిలా దట్టంగా ఒత్తిన రకం. ఆయిల్‌ని పట్టుకోవడంలో ఆ గుడ్డ పాత్ర చాలా పెద్దది. పట్టుకున్నాక అక్కడ సూక్ష్మజీవులు కాపురం పెడతాయి, గాలీ తడీ రెండూ దొరుకుతాయి కాబట్టి ఆ నూనెని నెమ్మదిగా తినేస్తాయి. ఇంగ్లండ్‌లో కోవెంట్రీ యూనివర్సిటీ వాళ్లు 1990ల్లో దీని మీదే ఏళ్ల తరబడి పనిచేశారు, ఇలాంటి నేల నమూనాల మీద ఆయిల్ పోస్తూ కిందికి ఎంత దిగుతుందో కొలిచారు. దాదాపు అంతా లోపలే ఆగింది.

ఇంకొకటి. అమెరికాలో సియాటిల్ పక్కన రెంటన్ అనే ఊళ్లో ఉద్యోగులు రోజూ కార్లు పెట్టే చోట 1996లో నాలుగు రకాల ఇంకే నేలలు వేసి, పక్కనే మామూలు తారు నేల కూడా ఉంచారు. ఐదారేళ్లు వాడాక నీళ్లు పట్టి పరీక్ష చేశారు. 2003లో అచ్చయిన ఫలితం చూస్తే తారు మీద నుంచి పారిన నీళ్లలో 89 శాతం శాంపిళ్లలో మోటార్ ఆయిల్ కనబడింది. ఇంకే నేలల అడుగున పట్టిన నీళ్లలో ఒక్క శాంపిల్‌లో కూడా కనబడలేదు. రాగి, జింక్ కూడా తగ్గాయి.

హెచ్ఎస్ఆర్_కిషోర్
మామగారూ, వివరంగా చెప్పారు, థాంక్స్. కానీ సియాటిల్‌లో వాన తుంపరలా రోజంతా పడుతుందట, మన దగ్గర అలా కాదే. 2022 సెప్టెంబర్‌లో ఒక్క రోజులో 130 మిల్లీమీటర్ల పైన పడి ఔటర్ రింగ్ రోడ్డు మీద ట్రాక్టర్లలో ఆఫీసులకి పోయాం. అంత వానకి మీ చిప్స్ ఆగుతాయా?

కంకరమామ
ఆ లెక్కా చూద్దాం. రాళ్ల మధ్య ఖాళీ 40 శాతం దాకా ఉంటుంది. 300 ఎంఎం మందాన రాయి పోస్తే అందులో 120 ఎంఎం నీళ్లు నిలవగలవు, ఆ లోపల కిందికి ఇంకిపోయేది వేరే. సిరి గారి జాగా దారితో కలిపి 1500 చదరపు మీటర్లు అనుకుందాం, 50 ఎంఎం వాన పడితే 75 వేల లీటర్లు. ఇప్పుడు అదంతా ఒక్క అరగంటలో డ్రైన్‌లో పడుతోంది. 2022 లాంటి రోజుకి పొంగితే పొంగనీ, దానికో ఓవర్‌ఫ్లో పైపు పెడతాం. అప్పుడైనా ఆయిల్ ఎక్కువగా కొట్టుకుపోయేది వాన మొదట్లోనే, ఆ మొదటి నీళ్లు ఎలాగూ రాళ్లలోకే దిగుతాయి. కాకపోతే మేడ మీది పైపులు తెచ్చి దీనిలోకి వదలకూడదు, అది చాలామంది చేసే తప్పు.

బెళ్లందూరు_బాబ్జీ
ఇంకుడు బావి గురించి అంత గట్టిగా ఎందుకన్నానో చెప్తా. మేడ మీది నీళ్లు వేరు, కార్ల కింది నీళ్లు వేరు. పేవర్ కింద నీళ్లు చిప్స్, గుడ్డ, రాళ్లు, ఆపైన ఎర్రమట్టి, ఇన్ని దాటి నెమ్మదిగా దిగుతాయి. ఇంకుడు బావి అంటే 20, 30 అడుగులు నేరుగా తవ్విన గొట్టం, మట్టి చేసే పనంతా తప్పించి ఆయిల్‌ని అడుగుకి పంపినట్టే. బావి ముందు ఇసుక, బొగ్గు ఫిల్టర్ ఉందిగా అంటారు, ఆ ఇసుక ఒక సీజన్‌కే జిడ్డు పట్టి గట్టిపడుతుంది, మా పాత అపార్ట్‌మెంట్‌లో తీసి చూశాం, తారు ముద్దలా వచ్చింది.

నేను బెళ్లందూరు చెరువు పక్కన పన్నెండేళ్ల నుంచి ఉంటున్నా. 2015లో నురగ అంటుకుని మండింది, 2017లో పొగలు, 2018 జనవరిలో మళ్లీ మంట, ఆర్మీ వాళ్లొచ్చి ఆర్పారు. దానికి అసలు కారణం మురుగునీళ్లు, సబ్బు నీళ్లు, కాదనను. కానీ ఆ చెరువులోకి వచ్చే ప్రతి కాలువ వెనక ఇలాంటి వెయ్యి పార్కింగ్‌లు ఉన్నాయి. నీళ్లు అక్కడితో ఆగవు, వర్తూరు చెరువు దాటి దక్షిణ పినాకిని నదిలో కలిసి తమిళనాడు పొలాలకి పోతాయి.

మడకశిర_మెకానిక్
అందురూ నేల గురించే మాట్లాడతాండారు, కార్చే బండి గురించి ఎవురూ అడగల్యా. నేను ఇరవై రెండేండ్లుగా గ్యారేజ్ నడుపుతాండా. ఆయిల్ కారేది ఎక్కువగా మూడు చోట్లబ్బా. ఇంజన్ అడుగున సంప్ బోల్టు కాడ వాషరు, అది ఆయిల్ మార్చినప్పుడల్లా మార్చాల, పది రూపాయల వాషరు మార్చకుండా పాతదే బిగిస్తారు. రెండోది ఆయిల్ ఫిల్టర్ సీలు. మూడోది పైన వాల్వ్ కవర్ గాస్కెట్, పాత బండ్లలో గట్టిపడి పగులుతాది. రాత్రి బండి కింద అట్టముక్క పరిచి పొద్దున చూడండి, చుక్క నల్లగుంటే ఇంజన్ ఆయిల్, ఎర్రగుంటే గేర్‌దో స్టీరింగ్‌దో, పచ్చగానో గులాబీ రంగులోనో జారుడుగుంటే కూలెంట్. ఈ కూలెంట్ నీళ్లల్లో కలిసిపోతాది, మామ చెప్పిన గుడ్డ దాన్ని పట్టుకోల్యాదు, గుర్తుపెట్టుకోండి.

ఒలికిందాని మీద నీళ్లు కొట్టొద్దండి. రంపపు పొట్టో వరి ఊకో చల్లి, పీల్చినాక ఊడ్చి గోతంలో కట్టాల.

సర్జాపూర్_సిరి
మెకానిక్ అన్నా, అట్టముక్క ఐడియా నాకు చాలా నచ్చింది. రేపే గ్రూపులో పెడతా. ఒక ఆదివారం అందరి కార్ల కిందా పరిస్తే ఎన్ని కారుతున్నాయో తేలిపోతుంది.

కేఆర్‌పురం_కడప
అక్కా, మీ ప్రెసిడెంట్ కారే మొదట దొరుకుతాదేమో చూడు 😀

మారతహళ్లి_మౌనిక
మేం వేయించాం, మూడేళ్లయింది, మొదటిసారి ఫెయిల్ అయింది కూడా. రెండూ చెప్తా.

మొదట మా కాంట్రాక్టర్ పేవర్లు బాగానే తెచ్చాడు, కానీ సందుల్లో ఎం-శాండ్ (రాయిని పొడిచేసిన ఇసుక) కొట్టాడు, మామూలు పేవర్లకి అలవాటైన చెయ్యి కదా. పైగా కింద జియోటెక్స్‌టైల్ బదులు నీలం టార్పాలిన్ పరిచాడు, గుడ్డే కదా మేడమ్ అన్నాడు. మొదటి వానకే నీళ్లు నిలిచి పేవర్లు అటూ ఇటూ ఊగాయి, నడిస్తే సందుల్లోంచి నల్లనీళ్లు చిమ్మేవి. అంతా లేపి మళ్లీ వేయాల్సి వచ్చింది, గొడవలు, మాటలు పడ్డాం. రెండోసారి నేను దగ్గరుండి లారీ లారీకి జల్లి చూసుకున్నా, దుమ్ముంటే వెనక్కి పంపించా. కడిగిన రాయే రావాలి, క్రషర్ డస్ట్ కలిస్తే ఖాళీలన్నీ మూసుకుపోతాయి.

ఇప్పుడు బావుంది. ఎంత పెద్ద వానొచ్చినా పార్కింగ్‌లో చెప్పులు తడవకుండా నడుస్తాం. కాకపోతే పక్క సైట్‌లో ఇల్లు కడుతున్నారు, ఆ మట్టి గాలికొచ్చి సందుల్లో చేరుతోంది, ఏడాదికి రెండుసార్లు వాక్యూమ్ మెషిన్ అద్దెకి తెచ్చి లాగించి కొత్త చిప్స్ పోస్తున్నాం. అది చేయలేమనుకుంటే దయచేసి వేయించకండి.

హెచ్ఎస్ఆర్_కిషోర్
మౌనిక గారూ, ఇదే నా భయం. మన అసోసియేషన్లు లిఫ్ట్ సర్వీసే టైముకి చేయించవు, పేవర్ సందులు ఎవరు ఊడుస్తారు? ఐదేళ్లలో అది మళ్లీ మామూలు నేలే అవుతుంది.

మారతహళ్లి_మౌనిక
అవుతుంది, చూడకపోతే. కానీ మూసుకుపోయేది పైన రెండు మూడు సెంటీమీటర్లే, అడుగు రాయి కాదు. పైది గీకి తీస్తే మళ్లీ ఇంకుతుంది. మేం ప్రతి జూన్‌కి ముందు అడుగు వెడల్పు పీవీసీ పైపు ముక్క నేల మీద నిలబెట్టి, చుట్టూ మట్టితో అతికి, బకెట్ నీళ్లు పోసి ఎంతసేపట్లో దిగుతాయో రాసుకుంటాం. పోయినేడాది కంటే బాగా నెమ్మదిస్తే మెషిన్ తెప్పిస్తాం. వాచ్‌మన్ గారబ్బాయే చేస్తాడు, డిప్లొమా చదువుతున్నాడు, అతనికి ఇది భలే ఇష్టం.

చెన్నై_చంద్రిక
బెంగళూరు ఎర్రమట్టి కాబట్టి మీకు కుదురుతుంది. మాది వేళచ్చేరి వైపు, కింద బంకమట్టి, కార్తీకం వచ్చేసరికి రెండడుగులు తవ్వితే నీళ్లు. ఇక్కడ ఇంకడమే ఇంకదు. మా ఆఫీసులో అడుగున చిల్లుల పైపు వేసి, రాళ్లలో వడకట్టిన నీళ్లని బయటి డ్రైన్‌కి పంపుతారు. అంటే భూగర్భానికి చేరేది తక్కువ, కానీ ఆయిల్ మాత్రం లోపలే ఉండిపోతుంది, నీళ్లు కూడా ఒక్కసారిగా కాకుండా నెమ్మదిగా బయటికొస్తాయి. మా వైపు డ్రైన్లు పళ్లికరణై చిత్తడికి పోతాయి, 2022లో దానికి రామ్‌సర్ గుర్తింపు (ముఖ్యమైన చిత్తడి నేలలకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చింది, కాబట్టి మాకు అదే పెద్ద సంగతి. 2023 డిసెంబర్ తుఫానప్పుడు ఎన్నూరు క్రీక్‌లో ఆయిల్ పరుచుకుని జాలర్ల పడవలు, వలలు నల్లగా అయిపోవడం నా కళ్లతో చూశా. అది పార్కింగ్ ఆయిల్ కాదనుకోండి, కానీ ఆ వాసన మర్చిపోలేను. నీళ్లలో కలిశాక తీయడం ఎవరి వల్లా కాదని ఆరోజు అర్థమైంది.

కేఆర్‌పురం_కడప
ఇంత తిప్పలెందుకు, ఆ పార్కింగ్ నీళ్లని ఎస్టీపీలోకి (మురుగునీళ్లు శుద్ధి చేసే ప్లాంటు) వదిలేస్తే పాయె కదా?

బెళ్లందూరు_బాబ్జీ
వద్దు కడపన్నా. ఎస్టీపీ కూడా బ్యాక్టీరియా మీదే నడుస్తుంది, పైగా రోజుకి ఇంత అని లెక్కగట్టి కట్టింది. వాన నీళ్లన్నీ ఒక్కసారి తోస్తే లోపలి బురదంతా కొట్టుకుపోతుంది, జిడ్డు వేరే. మళ్లీ కుదురుకోడానికి వారాలు పడుతుంది, ఆ వారాలన్నీ శుద్ధి కాని నీళ్లే బయటికి.

కేఆర్‌పురం_కడప
సరే బాబ్జీ అన్నా, అర్థమాయె. మరి నా బోరు సంగతి ఎవురూ చెప్పల్యా.

కంకరమామ
నీ బోరు మర్చిపోలేదు నాయనా. తాగే నీళ్ల బావికీ ఇలాంటి నేలకీ 100 అడుగుల దూరం ఉండాలని విదేశీ గైడ్‌లైన్లలో ఉంటుంది, మన అపార్ట్‌మెంట్లలో అంత జాగా ఎక్కడిది? బోరు నడిమధ్యలో ఉంటే దాని చుట్టూ మామూలు కాంక్రీటే ఉంచు, కేసింగ్ చుట్టూ గట్టుకట్టి సీల్ చెయ్యి. ఇంకే నేల అడుగున మాత్రం నీళ్లు దిగని మందపాటి షీటు పరిచి, చంద్రిక గారు చెప్పినట్టు చిల్లుల పైపుతో నీళ్లని పక్కకి తియ్యి. నీళ్లు భూమిలోకి ఇంకకపోయినా ఆయిల్ మాత్రం రాళ్లలోనే చిక్కుకుంటుంది. బిల్డింగ్ పునాదికి దగ్గరగా వేసే చోట కూడా ఇదే పద్ధతి.

సర్జాపూర్_సిరి
ఇంకో డౌట్. మా దగ్గర పొద్దున్నే కార్లు కడిగే కుర్రాళ్లు నలుగురు వస్తారు, బకెట్, షాంపూ. అది ఈ నేల మీద పర్లేదా?

కంకరమామ
పర్లేదు కాదు, అదే అసలు శత్రువు! ఆయిల్ రాయికి అంటుకుంటుందనే ధైర్యంతో కదా ఇదంతా, షాంపూ చేసే పని ఏమిటి? అంట్ల మీది జిడ్డుని వదిలించినట్టు రాయి మీది జిడ్డునీ వదిలించి నీళ్లలో కలిపేస్తుంది, అన్నాళ్లూ పట్టుకున్నది కిందికి జారుతుంది. కడగడానికి ఒక మూల వేరే కాంక్రీట్ చోటు, దానికో ఆయిల్ ట్రాప్ చాంబర్ పెట్టించండి. సందుల్లో మొలిచే గడ్డికి కలుపుమందు కూడా కొట్టించొద్దు, గ్లైఫోసేట్ మందు తగిలితే పట్టుకున్న ఆయిల్ వదిలేస్తోందని ల్యాబ్‌లో చూశారు. గడ్డి చేత్తో పీకించండి.

మారతహళ్లి_మౌనిక
అయ్యో, కలుపుమందు సంగతి నాకు తెలీదు, మా తోటమాలి కొడుతున్నాడు. ఇప్పుడే ఫోన్ చేసి ఆపిస్తా.

చెన్నై_చంద్రిక
కార్లు తడిగుడ్డతో తుడిస్తే చాలదా సిరి గారూ? 2024 మార్చిలో మీ ఊళ్లో మంచినీళ్లతో కార్లు కడిగితే 5000 జరిమానా అన్నారు, అప్పుడందరూ తుడుచుకునే బతికారు కదా.

హెచ్ఎస్ఆర్_కిషోర్
మా అపార్ట్‌మెంట్‌లో ఓపెన్ జాగానే లేదు, రెండు బేస్‌మెంట్లు. మాలాంటివాళ్ల మాటేంటి? అక్కడ సంప్‌లో చేరినదాన్ని మోటార్‌తో నేరుగా రోడ్డు పక్క డ్రైన్‌లోకి కొడతారు, ఈ చర్చ చదివాక నిన్న వెళ్లి చూసొచ్చా. నల్లగా ఉంది.

బెళ్లందూరు_బాబ్జీ
మీరే చూసొచ్చారా, చాలా సంతోషం కిషోర్ గారూ. బేస్‌మెంట్‌కి పేవర్లు పనికిరావు, మూడు గదుల ట్రాప్ కట్టించండి. మొదటి గదిలో మట్టి అడుక్కి దిగుతుంది, రెండో దాంట్లో ఆయిల్ పైకి తేలుతుంది, అక్కడ నుంచి పైపు అడుగు నీళ్లని మాత్రమే తీసుకునేలా తలకిందుల బెండు పెడతారు. తేలిన జిడ్డుని నెలనెలా తీసి డ్రమ్ములో పోయాలి, వాడేసిన ఆయిల్ 2016 రూల్స్ ప్రకారం ప్రమాదకర వ్యర్థం, లైసెన్స్ ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వాలి.

మడకశిర_మెకానిక్
లైసెన్స్ మాట నిజం బాబ్జీ అన్నా. సెంట్రింగ్ షీట్లకి పూసుకుంటామని డ్రమ్ములు అడగను వస్తారు, రేటు కూడా ఎక్కువిస్తారు. ఇయ్యొద్దు. అది మళ్లీ వానలో కాలవకే పోతాది. పెట్రోల్ బంకులకి, గ్యారేజీలకి కూడా ఈ ఇంకే నేల పెట్టొద్దు మామా, మా కాడ ఒలికేది చుక్కలు కాదు, లీటర్లు. నా గ్యారేజ్ నేల గట్టి కాంక్రీటు, చుట్టూ గట్టు, మూలన ట్రాప్.

కంకరమామ
సరిగ్గా చెప్పావు. ఇది రోజూ పడే చుక్కల కోసమే. పెట్రోల్ ఒలికినా దీన్ని నమ్ముకోకూడదు.

సర్జాపూర్_సిరి
మీటింగ్ అయింది, నిన్న రాత్రి పదకొండున్నర దాకా నడిచింది. ముందు ఆదివారం అట్టముక్కలు పరిచాం, 57 కార్లలో 14 కార్ల కింద మరకలు. ఆ అట్టల్ని వరసగా మీటింగ్ టేబుల్ మీద పెట్టా, అప్పటిదాకా ఖర్చు ఖర్చు అన్న పెద్దాయన ఒకాయన తన కారు నంబరున్న అట్ట చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. ఇంకుడు బావికి డ్రైన్ కలిపే మాట తీసేశారు, దానికి మేడ నీళ్లు మాత్రమే. మొత్తం ఒకేసారి వేయడానికి డబ్బు లేదు, ముందు పల్లపు వైపు 12 గడులు వేసి రెండు వానాకాలాలు చూద్దామన్నారు. నీళ్ల ట్యాంకర్ తిరిగే దారి మాత్రం కాంక్రీటే.

మామగారూ, పల్లపు వైపే ముందు వేయడం సరైనదేనా? పైనున్న గడుల నీళ్లు కూడా దాని మీదికే వస్తాయి కదా.

కంకరమామ
సరైనదే, కానీ పైనుంచి మట్టి కూడా దాని మీదికే వస్తుంది, త్వరగా మూసుకుంటుంది. 12 గడులకి పై అంచున అడుగు వెడల్పు కంకర కాలువ ఒకటి తవ్వించండి, మట్టి అందులో ఆగుతుంది, పారతో ఎత్తుకోవచ్చు. రాయి కూడా 300 కాకుండా 450 ఎంఎం పోయించండి.

సర్జాపూర్_సిరి
రాసుకున్నా. మౌనిక గారూ, ఆ కడిగిన చిప్స్, జియోటెక్స్‌టైల్ మీకు ఎక్కడ దొరికాయి? నేను అడిగిన రెండు చోట్లా పెద్ద రోల్ మొత్తం కొనాలన్నారు.

మారతహళ్లి_మౌనిక
చిన్న ముక్కలు షాపుల్లో ఇవ్వరు. హోస్కోటె వైపు రోడ్డు పనులు చేసే సబ్ కాంట్రాక్టర్ దగ్గర మిగిలిన రోల్ తీసుకున్నాం, నంబర్ మెసేజ్‌లో పంపుతా. నేసిన రకం అంటగడతాడు, చేత్తో పట్టుకుని చూడండి, కంబళిలా మెత్తగా ఉండాలి. చిప్స్ వచ్చే రోజు చెప్పండి, శనివారమైతే నేనూ వస్తా.